పసుపు నానే రాసేను

అనగనగా అంటే, మీ తాతకు మీసం రాని రోజులు. గెడ్డ, అంటే వాగు, ఆ ఒడ్డున ఒక ఊరు, ఊళ్లో ఒక బడి. ఆ బడి ఊడ్చే మనిషి అసిరమ్మ. ఆమెకు చదువు రాదు. కానీ ఏది పాడైనా సరే, "ఇప్పి సూద్దుం" అనేది. తాళం విప్పింది. గొడుగు విప్పింది. ఒకరోజు మేష్టారు పారేసిన టార్చిలైటు విప్పింది.

స్విచ్చి కింద ఏముందనుకున్నారు? రెండు రేకు ముక్కలు! అంటుకుంటే వెలుగు, విడిపోతే చీకటి.

"ఓలమ్మ, ఇంతేనేటి!" అంది అసిరమ్మ.

ఇంక పిల్లలు ఊరుకుంటారా? అత్తా అత్తా అంటూ చుట్టూ మూగారు. మొదట పిన్నీసుతో స్విచ్చి చేశారు. బుల్లి బల్బు వెలిగింది. తర్వాత రెండు అట్టలకు రేకులంటించి గోనెపట్టా కింద దాచారు. మేష్టారు కాలు మోపగానే సెల్లులతో మోగే గంట గణగణమంది. పాపం, ఆయన గుమ్మం దాకా గెంతారు. మూడోది గెడ్డ స్విచ్చి. అసలు కథ దానిదే.

గెడ్డ అవతల గూడెం పిల్లలు రోజూ నీళ్లలో నడిచి బడికొచ్చేవారు. నిరుటి వానల్లో ఒక పిల్ల కొట్టుకుపోబోయి, గేదె తోక పట్టుకుని బతికింది. గూడెం పెద్ద తవిటినాయుడు ఖరాఖండీగా చెప్పేశాడు. "ఇంక మా పిల్లల్ని పంపం."

"ఒక్క వాన సూడు బావా," అని బతిమాలి ఒప్పించింది అసిరమ్మ.

పిల్లలూ ఆమే కలిసి గెడ్డ ఎగువన వెదురు గొట్టం పాతారు. అందులో ఎండిన ఆనపబుర్ర వేసి, అక్కణ్ణుంచి బడి దాకా తీగ లాగారు. నీరు పెరిగితే బుర్ర లేస్తుంది. బుర్ర లేస్తే దాని మీది రేకు గొట్టం పైనున్న రేకును తాకుతుంది. తాకితే బళ్లో గంట మోగుతుంది. గంట మోగితే గూడెం పిల్లలు బళ్లోనే ఆగాలి.

వాన వచ్చింది. నీరు పెరిగింది. గంట మోగలేదు.

ఇంటికి బయల్దేరిన పిల్లలు గెడ్డలో కాలు పెట్టబోయారు. అవతలి ఒడ్డు నుంచి తవిటినాయుడు గొంతు చించుకుని అరిచాడు కాబట్టి ఆగారు.

మర్నాడు నీరు తీసింది. అందరూ గొట్టం దగ్గర చేరారు. పిల్లలు తీగ సరిగా చుట్టలేదన్నారు మేష్టారు. ఒకడు సెల్లులు నీరసించాయన్నాడు. ఇంకొకడు గంగమ్మకు కోపం వచ్చిందన్నాడు.

"ఇప్పి సూద్దుం," అంది అసిరమ్మ.

విప్పారు. రెండు రేకుల మీదా పసుపు! నూనె కలిపి దట్టంగా రాసి, పైన కుంకుమ బొట్టు కూడా పెట్టి ఉంది.

"ఎవలు రాసేరత్తా?" అంది ఒక పిల్ల.

ఎవరూ చూడలేదు. అసిరమ్మ నోరు మెదపకపోతే ఆ మాట అక్కడితో పోయేది. ఆమె ముందుకొచ్చింది.

"నానే రాసేను. కొత్త నాగలికి రాత్తాం, కొత్త రోలుకి రాత్తాం. దీనికీ రాసేసేను. తప్పు నాది బావా, పిల్లల్ది కాదు. ఆళ్ల సదువు ఆపకు."

తవిటినాయుడు తిడతాడనుకున్నారు. ఆయన వంగి రేకును వేలితో గీకి చూశాడు.

"పసుపుంటే కరెంటు పారదేటి?"

"తోమి సూద్దుం."

చింతపండుతో తోమారు. రేకులు తళతళలాడాయి. అసిరమ్మ బుర్రను పైకెత్తింది, గంట మోగింది. పిల్లలెత్తారు, మోగింది. తవిటినాయుడు ఎత్తాడు, మోగింది. ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. అంత పెద్దమనిషీ చంటిపిల్లాడైపోయాడు.

"రేపు పంపుతాం," అన్నాడు చివరికి.

ఆ వానల్లో గంట మూడుసార్లు మోగింది. మూడుసార్లూ పిల్లలు బళ్లోనే ఆగారు.

అసిరమ్మ పోయి ఎన్నేళ్లయిందో లెక్క తెలీదు. గెడ్డ మీద వంతెన కూడా వచ్చింది. కానీ ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరి వల్ల పాలు విరిగినా, ఎవరి వల్ల దూడ తప్పిపోయినా, వాళ్లు ముందుకొచ్చి "పసుపు నానే రాసేను" అంటారు. ఆ మాట అన్నవాళ్లను అక్కడ ఎవరూ తిట్టరు. పక్కన కూర్చుని, ఏం చేద్దామో చూస్తారు.