తవ్వకో గవ్వ

ఏటి ఒడ్డున ఉన్న పరుపుబండ మీద వారానికోసారి అడవి సంత జరిగేది. కోతులు చింతపండు తెచ్చేవి, ఎలుగుబంట్లు తేనె తెచ్చేవి, ముళ్లపందులు దుంపలు తెచ్చేవి. డబ్బు అనే జబ్బు ఇంకా అక్కడిదాకా పాకలేదు కాబట్టి అన్నిటికీ ఖరీదు వేరుశనగ కాయల్లోనే కట్టేవారు. గంపల కొద్దీ కాయలున్నవాళ్లకి ఆ బండ మీద మహా మర్యాద. దోసెడు కాయలతో వెళ్లినవాణ్ణి మాత్రం "పక్కకి జరగవయ్యా, బేరం చెడగొట్టకు" అనేవారు.

ఆ మాట పడ్డవాళ్లలో ముంగిస నాంచారమ్మ ఒకతి. పాము పడగెత్తినా అడుగు వెనక్కి వెయ్యని జాతి ఆవిడది. అలాంటిది ఓ కోతి చేత "గంపకి తక్కువైతే అమ్మం, పోవమ్మా" అనిపించుకుని ఊరుకుంటుందా? తోక నిక్కబొడుచుకుని బండ దిగొచ్చి, తనలాగే ఒట్టి చేతులతో తిరిగొస్తున్న వాళ్లందర్నీ ఏటి పక్కన కూర్చోబెట్టింది. కుందేలు చిట్టెయ్య, పిల్లి కాసులమ్మ, అరక దున్నీ దున్నీ విశ్రాంతికొచ్చిన ఎద్దు సింహాద్రి, ఇంకా చిన్నాచితకా జనం చుట్టూ చేరారు.

"ఒక్కొక్కళ్లం వెళ్తే దోసెడు. కలిసి వెళ్తే గాదెడు," అంది నాంచారమ్మ. "ఉమ్మడి గాదె పెడదాం. ఎవరి కాయలు వాళ్లు తెచ్చి పొయ్యండి. బేరం నేను చేస్తాను. సరుకు చవగ్గా ఉన్నప్పుడు గంపలకి గంపలే కొందాం, కరువొచ్చినప్పుడు అమ్ముదాం."

"మరి ఎవరివెన్నో ఎలా తెలుస్తుందత్తా?" అన్నాడు చిట్టెయ్య. గూట్లో నలుగురు పిల్లలున్నవాడు, నిద్రలో కూడా భయపడుతూనే ఉంటాడు.

"తవ్వ గిన్నెతో కొలుస్తాను. తవ్వ కాయలు పోసినవాళ్లకి ఒక గవ్వ ఇస్తాను. మెళ్లో కట్టుకోండి. గాదెలో మీ పాలు ఎంతో మీ మెడే చెబుతుంది."

కాసులమ్మ చెవులు రిక్కించింది. "పాలా? కాచినవా, పచ్చివా?"

"ఆ పాలు కాదొదినా. పాలంటే వాటా."

"ఆ ముక్క ముందే అనొచ్చుగా, ఊరికే నోరూరించకపోతే!"

సింహాద్రి నెమరు ఆపి, ఆలోచించి, మళ్లీ నమిలి, అప్పుడు నోరు విప్పాడు. "మా కాయలతో బేరాలాడి పోగొట్టావనుకో అమ్మాయ్, అప్పుడో?"

"మీకన్నా ముందు నేను పోస్తాను. వానాకాలానికి మా ఇంట్లో దాచుకున్న కాయలన్నీ గాదె అడుక్కి వెళ్తాయి. అవి పోతే నా పిల్లలూ మీ పిల్లలూ కలిసే పస్తుంటారు. నా కాయలు అందులో ఉన్నంతకాలమే నేను గాదె పెద్దని. లాభం వస్తే అందులో పదోవంతు నా కష్టానికి పుచ్చుకుంటాను. నష్టం వస్తే ఒక్క కాయ ముట్టను, మీ గవ్వతో పాటు నా గవ్వా కరుగుతుంది. ఇంకో మాట. సంతకీ సంతకీ మధ్య గాదె మూతికి మట్టి మెత్తేస్తాను. బేరం సగంలో ఉండగా నా కాయలు నాకిమ్మంటే ఇవ్వను. సంతనాడు మట్టి పగలగొడతాను, ఆ రోజు ఎవరికి కావాలంటే వాళ్లు గవ్వలిచ్చి వాళ్ల పాలు పట్టుకెళ్లొచ్చు."

అందరికీ నచ్చింది. ఇక నాంచారమ్మ సంబరం చూడాలి! "తవ్వకో గవ్వ! తవ్వకో గవ్వ!" అని తన మాటే తను పదిసార్లు చెప్పుకుని మురిసిపోయింది. అంతటితో ఆగితే బాగుండేది. చిలకలకి కూడా నేర్పింది. అవి అడవంతా తిరిగి అదే కూత కూశాయి. ప్రాస కుదిరిందని పొంగిపోయింది గానీ, ఆ మాటకి ఒక గడువు పెట్టాలన్న సంగతి మాత్రం ఆవిడకి తట్టలేదు.

మొదటి బేరం కుంకుడుకాయలు. ఏరు దాటుతుంటే సింహాద్రి కాలు జారి, మూటల్లో సగం నీళ్లపాలయ్యాయి.

"నీళ్లు కలిపిన పాలే నా మొహాన రాసున్నాయి," అని నిట్టూర్చింది కాసులమ్మ.

ఆ సంతకి గవ్వ విలువ తవ్వ కన్నా తగ్గింది. నాంచారమ్మ దాచిపెట్టలేదు. గాదె అందరి ముందూ కొలిచి చూపించింది, తన పదోవంతు ఊసే ఎత్తలేదు, ఆ వారం తన పిల్లలకి కూడా దుంపలే పెట్టింది. అది చూశాక చిట్టెయ్య గవ్వ విప్పుదామని మెడ దాకా తెచ్చిన చేతిని దించేసుకున్నాడు. ఆ తరవాత పిందె రోజుల్లోనే కోతుల దగ్గర చింతపండు గంపలకి గంపలు మాట్లాడి, ఎండలు ముదిరి అడవంతా పులుపుకి మొహం వాచినప్పుడు అమ్మింది. కాయలు గాదె అంచుదాకా వచ్చాయి. ఆవిడ పదోవంతు తీసేశాక కూడా ఒక్కో గవ్వకి రెండేసి తవ్వలు తేలాయి.

"మరి నా మెళ్లో గవ్వ ఒక్కటే ఉందేం?" అంది కాసులమ్మ అనుమానంగా.

"గవ్వ పిల్లల్ని పెట్టదొదినా. గాదెలో కాయలన్నిటినీ బయట ఉన్న గవ్వలన్నిటికీ పంచు. ఒక్కోదానికి ఎన్నొస్తే అది గవ్వ విలువ. పోసిననాడు తవ్వ. ఈనాడు రెండు తవ్వలు."

ఇప్పుడు నాంచారమ్మ బండ ఎక్కితే, ఒకప్పుడు పొమ్మన్న కోతే లేచి నిలబడి "ఇలా నీడలో కూర్చోండమ్మా" అంటోంది. ఆవిడ వెనకాల చిట్టెయ్య కూడా చెవులు నిలబెట్టుకుని నడుస్తున్నాడు. అంతకుముందు సంతలో ఎవరూ వాడి చెవులు నిలబడగా చూడలేదు.

అప్పుడొచ్చాడు నక్క గవర్రాజు. గాదె పెట్టిననాడు "ముంగిస వ్యాపారమట, రండి నవ్వుకుందాం" అని అడవంతా చెప్పుకు తిరిగినవాడు. ఆ సంతనాడు నాంచారమ్మ మట్టి పగలగొట్టి కాయలు కొలవడం కళ్లారా చూశాడు. చూసి, అందరికీ వినపడేలా గొంతు సవరించుకున్నాడు.

"చెల్లెమ్మా! తవ్వకో గవ్వ అని చిలకలు కూస్తున్నాయి. అది నీ మాటేనా?"

"నా మాటే."

"మీ జాతి మాట తప్పదంటారు, నిజమేనా?"

"సంతలో ఎవర్నైనా అడుగు," అంది నాంచారమ్మ మెడ ఎత్తి.

"అయితే నలభై తవ్వలు తెస్తున్నా. నలభై గవ్వలు సిద్ధం చెయ్యి. ఒక్కటి తగ్గినా, ముంగిస మాట తప్పిందని ఆ చిలకలకే నేర్పిస్తా." తన తోక తానే తొక్కుకునేంత సంబరంగా గుట్ట వైపు పరిగెత్తాడు.

ఎత్తిన మెడ ఎత్తినట్టే ఉంచి, నాంచారమ్మ మనసులో లెక్క వేసుకుంది. వాడి ఎత్తు ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది.

"ఏమైందత్తా?" అన్నాడు చిట్టెయ్య.

ఆవిడ రెండు కాయలు బండ మీద పెట్టి, పక్కన గవ్వ ఒకటి పెట్టింది. "బయటున్న మన గవ్వలూ నలభయ్యే, అందుకే ఒకటికి ఒకటి లెక్క చూడు. ఇదిగో, మన గవ్వ ఒక్కోదానికి రెండు తవ్వలున్నాయి. వాడొచ్చి ఒక తవ్వ పోసి ఇంకో గవ్వ పట్టుకుంటాడు. ఇప్పుడు తవ్వలు మూడు, గవ్వలు రెండు. సోలంటే అర తవ్వ, పంచితే ఒక్కోదానికి తవ్వా సోలా. వచ్చే సంతకి వాడు గవ్వలిచ్చేసి, తవ్వ పోసిన చోట తవ్వా సోలా తీసుకెళ్తాడు. ఆ సోల మన గవ్వలోంచి పోతుంది."

చిట్టెయ్య చెవులు వాలిపోయాయి. "వానలకి నా పిల్లలకున్నది ఆ కాయలే. మన కష్టమంతా నక్కలపాలు చేస్తావా అత్తా?"

"నక్క పాలు నేను ముట్టను," అంది కాసులమ్మ. ఎవరికీ నవ్వు రాలేదు.

"మాట మార్చెయ్ అమ్మాయ్," అన్నాడు సింహాద్రి. "నక్కకిచ్చిన మాటకి విలువేంటి? నిన్నెవడూ ఏమీ అనడు."

"ఎవరో అనక్కర్లేదు బాబాయ్, నాకు నేనే చాలు. ఈ రోజు వాడికిచ్చిన మాట మారిస్తే రేపు మీకిచ్చిన మాట ఏ మొహంతో నిలబెడతాను? మీ కాయలకి కాపలా ఈ తడికె కాదు. నా మాట." గర్వంగా పాడుకున్న పాటే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. ఆవిడకి తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

అందరూ తల దించుకున్నారు. కాసులమ్మ ఒక్కతే ఏటి నీళ్లలో తన నీడ చూసుకుంటూ గొణుక్కుంది. "రెండు తవ్వలట, రెండు తవ్వలు. అంత గొప్పయితే రెండు గవ్వలైనా ఇవ్వకూడదూ? ఈ ఒంటి గవ్వతో నా మెడ బోసిగా ఉంది."

నాంచారమ్మ గిర్రున తిరిగింది. "ఏమన్నావొదినా?"

"మెడ బోసిగా ఉందన్నాను. తప్పా?"

"ఒప్పు! లక్షసార్లు ఒప్పు!" అని పిల్లిని వాటేసుకుంది. ముంగిస పిల్లిని వాటేసుకోవడం ఆ అడవి అదే మొదటిసారి చూడటం. "అందరూ ఏట్లోకి దిగండి. గవ్వలేరండి. ఎవరి మెళ్లో ఎన్ని గవ్వలున్నాయో, వాళ్లకి ఇంకా అన్నే ఇస్తాను. ఒకటున్నవాళ్లకి రెండవుతాయి, మూడున్నవాళ్లకి ఆరవుతాయి. నాకూ అంతే."

"దాంతో మన కాయలు పెరుగుతాయా?" అన్నాడు చిట్టెయ్య.

"ఒక్కటి కూడా పెరగదు. ఒక్కటి కూడా తరగదు. గుమ్మడికాయని రెండు చెక్కలు చేస్తే రెండు కాయలవుతాయా? ఎవరి పాలు వాళ్లదే. కానీ గవ్వలు రెట్టింపైతే ఒక్కో గవ్వకి ఉండేది ఎంత?"

సింహాద్రి నమిలాడు. ఇంకా నమిలాడు. వాడి పెద్ద కళ్లు మెల్లగా వెలిగాయి. "ఒక్క తవ్వ. అంటే నీ మాట మళ్లీ నిజమైంది అమ్మాయ్."

ఎండ నడినెత్తికి రాకముందే గవర్రాజు వచ్చాడు. మూటలు మోస్తూ వెనకాల దుమ్ములగొండి కొండలరావు. మూటలు దించి, కాస్త దూరంగా కూర్చుని, కాయల వైపే చూస్తున్నాడు. అప్పిచ్చినవాడు అలాగే చూస్తాడు.

"వడ్డీకి తెచ్చావా గవర్రాజూ?" అంది నాంచారమ్మ.

"వచ్చే సంతకి పదికి పన్నెండు. పదికి పదిహేను వచ్చే చోట రెండు వాడి మొహాన కొడితే పోయేదేముంది?" అన్నాడు నక్క చిన్నగా నవ్వుతూ. మనసులో ఉన్నది అంత తేలిగ్గా నోట్లోంచి జారుతుందని వాడికి తెలీదు. అందరి మెడలూ గలగలమంటుంటే మాత్రం ఒకసారి తల తిప్పాడు. "ఏంటి, అందరూ ముస్తాబయ్యారు?"

"ఒంటి గవ్వ బాగోలేదు బావా," అంది కాసులమ్మ మెడ తిప్పి చూపిస్తూ.

నలభై తవ్వలూ గాదెలో పడ్డాయి. నలభై గవ్వలూ నక్క మెళ్లో పడ్డాయి. నాంచారమ్మ తడి మట్టి చేతిలోకి తీసుకుని ఆగింది. వాడు శత్రువైనా సరే, చీకట్లో దెబ్బ కొట్టడం ఆవిడకి చేతకాదు.

"మూత మెత్తాక సంత దాకా తియ్యను. కావాలంటే గాదె ఓసారి కొలుచుకో. బయట గవ్వలెన్నున్నాయో లెక్కపెట్టుకో. ఎవరి గవ్వా దాచలేదు, అన్నీ మెళ్లోనే ఉన్నాయి."

"పొద్దున్న నువ్వు కొలిస్తే చూశాను కదమ్మా, ఎన్నిసార్లు కొలుస్తాం? మెత్తెయ్, ఎండెక్కుతోంది."

మెత్తేసింది.

ఆ వారమంతా ఒకటే వాన. సరుకు కొన్నదీ లేదు, అమ్మిందీ లేదు. సంతనాడు మట్టి పగలగొట్టేసరికి అందరికన్నా ముందు గవర్రాజే నిలబడి ఉన్నాడు, వాడి భుజం పక్కనే కొండలరావు. నక్క గవ్వలన్నీ విప్పి బండ మీద పోశాడు. నాంచారమ్మ కొలవడం మొదలెట్టింది. గవ్వకి తవ్వ. గవ్వకి తవ్వ. నలభయ్యో తవ్వ పోసి చేతులు దులుపుకుంది.

"మిగతావి?" అన్నాడు నక్క.

"మిగతావేవి?"

"గవ్వకి తవ్వా సోలా రావాలిగా!"

"తవ్వ పోస్తే తవ్వా సోలా ఎలా వస్తుంది గవర్రాజూ? ఆ సోల ఎక్కణ్ణించి రావాలి?"

"ఎక్కణ్ణించేంటి? ఈ కుందేలు కాయల్లోంచి, ఆ ఎద్దు కాయల్లోంచి..." అనేసి నాలిక్కరుచుకున్నాడు. పరుపుబండ పరుపుబండంతా గొల్లుమంది. చింతపండు అమ్ముకుంటున్న కోతులు కూడా గంపలొదిలేసి వచ్చి నిలబడ్డాయి.

"మోసం! గవ్వలు పెంచేశావ్!"

"పెంచాను. అందరికీ ఒకే తీరున, నువ్వు పొయ్యకముందే పెంచాను. లెక్కపెట్టుకోమని పిలిచి మరీ చెప్పాను. వీళ్ల కాయ ఒక్కటి నీకు రాలేదు, నీ కాయ ఒక్కటి వీళ్లకి రాలేదు. నువ్వడిగింది తవ్వకో గవ్వ. ఇచ్చాను. గవ్వకో తవ్వ కూడా ఇచ్చాను. నా మాట ఎక్కడ తప్పిందో ఈ చిలకల ముందు చెప్పు."

గవర్రాజు చిలకల వైపు ఓసారి చూశాడు. గొంతు తగ్గించి, "పోనీ చెల్లెమ్మా, ఇంకో సంత దాకా ఉంచనా?" అన్నాడు.

"నిక్షేపంగా ఉంచు. లాభమొస్తే నీకూ వస్తుంది, నష్టమొస్తే నీకూ వస్తుంది. మా గాదె తలుపు ఎవరికీ వెయ్యలేదు."

వెనకాల కొండలరావు దగ్గాడు. "పదికి పన్నెండు గవర్రాజూ. సంత ఇవాళే." నలభై తవ్వలూ మూటగట్టుకుని, చాలని ఎనిమిది తవ్వల కోసం నక్కని ముందుపెట్టుకుని వాడి బొరియ వైపు నడిచాడు. తోక ఈడ్చుకుంటూ నక్క వెళ్తుంటే చిట్టెయ్య చెవులు మళ్లీ నిటారుగా లేచాయి.

ఆ సాయంత్రం నాంచారమ్మ చిలకల్ని పిలిచి కొత్త కూత నేర్పింది. "పోసిననాటి గాదె విలువని బట్టి గవ్వ."

"ఇందులో ప్రాస లేదండీ," అని మొహం ముడుచుకున్నాయి చిలకలు.

"లేదు. నాకూ కష్టంగానే ఉంది," అని ఒప్పుకుంది నాంచారమ్మ. "అయినా అదే కూయండి." ఆ తరవాత తన రెట్టింపు గవ్వల దండ సర్దుకుని, మెడ ఎత్తి, గాదె వాళ్లందర్నీ వెంటేసుకుని బండ మీదికి నడిచింది. కాసులమ్మ గవ్వలు అందరికన్నా గట్టిగా గలగలమన్నాయి, పైగా దోవ పొడుగునా ఆ ఉపాయం తనదేనని అందరితో చెప్పుకుంది. అది అబద్ధమని అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఈ కథ విన్నవాళ్లు మూట కట్టుకోవాల్సింది ఇదొక్కటే: వెనకొచ్చినవాడికి చోటు ఇవ్వాలి గానీ, ముందొచ్చినవాళ్ల కష్టం ఇవ్వకూడదు.