పైకప్పులో తలుపు

పైడిగట్టు రాజు మల్లభూపతికి ఒక పొద్దున దోసె తింటుండగా కోరిక పుట్టింది. ఏడేళ్ళ కూతురు చిన్నాంబిక జంతువుల ఇళ్ళ గురించి అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులున్న పుస్తకం ఒకటి రాయించాలి. పిల్ల జ్ఞానం కోసమని సభలో చెప్పారు. దోసె వేడిగా తినడం కోసమని వంటవాళ్ళకు తెలుసు.

రాసే పని ఆస్థాన పండితుడు విశ్వంభరావధానిగారికి, బొమ్మలు వేసే పని నాకు పడింది. నేను సంతలో పొట్లాలు కట్టిన కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అందుకే నాకు తెలిసిన ప్రతి విషయమూ సగంలో చిరిగిపోయి ఉంటుంది. బొమ్మలూ అంతే. నేను వేసిన ఏనుగును చూసి రాకుమారి, "ఈ గుమ్మడికాయకు తోకెందుకు?" అంది.

అవధానిగారు గదిలోంచి కదలకుండా మూడు నెలల్లో 'సకల జంతు గృహ దర్పణం' పూర్తిచేశారు. ఏ జంతువు ఇల్లు ఎలా కట్టుకుంటుందో అంతా అందులో ఉంది. ఆయన ఏ జంతువునూ సంప్రదించలేదు.

నిండు సభలో రాకుమారి పుస్తకం తెరిచింది. రెండో పేజీలోనే ఆగింది.

"నాన్నగారూ, గిజిగాడి గూటికి తలుపు పైన ఉంటుందని రాశారు. కింద కదా ఉండేది? సుంకులవ్వ నాకు చూపించింది."

సుంకులవ్వ కోటలో బూజు దులిపే మనిషి. ఆమె ఇల్లు కోట మెట్ల కింద చిన్న గది. నలభై ఏళ్ళుగా సాలెగూళ్ళూ కందిరీగల గూళ్ళూ దులుపుతూ, చెదపుట్టలు తవ్విపోస్తూ ఉంది. కర్ర ఎత్తేముందు ప్రతి గూటినీ కాసేపు నిలబడి చూసేది. అదే ఆమె చదువు.

"గూడు ఒకటి తెప్పించి చూద్దామా?" అన్నారు రాజుగారు.

"ఆ పక్షి శాస్త్రం చదవలేదు ప్రభూ," అన్నారు అవధానిగారు. "తనకు తోచినట్టు కట్టుకుంది. దాన్ని ప్రమాణం చేసుకుంటే శాస్త్రం ఏం కావాలి? అక్షరం ముక్క రాని మనిషి పసిపిల్లకు అబద్ధాలు నూరిపోస్తోంది. ముందు ఆవిణ్ణి కోటలోంచి పంపించండి."

రాజుగారికి ఇదంతా సబబుగానే తోచింది. సుంకులవ్వను పిలిపించారు.

"రేపు సభలో పుస్తకమంతా చదివి వినిపిస్తారు. అందులో తప్పుందని నీ నోట మాట వచ్చిందా, మెట్ల కింద గది ఖాళీ చెయ్యాలి."

రాకుమారి ఏడ్చింది. అవ్వ మాత్రం, "అట్లే దొరా," అని కర్ర భుజాన వేసుకుని వెళ్ళింది.

మర్నాడు పుస్తకం చదివే పని కూడా నాకే పడింది. చదివినంతసేపూ అవ్వ తల ఊపుతూనే ఉంది.

"ఏమంటావు?" అన్నారు రాజుగారు.

"మహా బాగుంది దొరా. ఇంత గొప్ప పుస్తకం రాసిన సామికి ఒక ఇల్లు కట్టించి ఇయ్యకపోతే ఎట్లా?"

అవధానిగారు మొదటిసారి ఆమె వైపు చూశారు. "చదువు లేకపోయినా వివేకం ఉంది," అన్నారు.

"తోట పక్క స్థలం ఇస్తాం," అన్నారు రాజుగారు. "ఇల్లు ఎలా కట్టించమంటావు?"

"పుస్తకంలో ఉన్నట్టే దొరా. గిజిగాడి మాదిరి తలుపు పైకప్పులో పెట్టించండి. లోపలికి వెన్నెల పడుతుందని సామే రాసినారు."

"వాన కూడా పడుతుంది కదా!" అన్నారు అవధానిగారు.

సభంతా ఆయన వైపు తిరిగింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"అది చేతి పొరపాటు. కొట్టెయ్యవయ్యా."

చెయ్యి నాదే అన్నట్టు అందరూ నన్ను చూశారు. అలవాటే కనక కొట్టేశాను.

"అట్లయితే గోడలు చూద్దాం," అంది అవ్వ. "చెదపుట్టలోకి గాలి దూరే సందే ఉండదంట. కిటికీలు వద్దు దొరా."

"పుట్టలో గొట్టాలుంటాయి!" రాకుమారి లేచి నిలబడింది. "వేడిగాలి వాటిలోంచి పైకి పోతుంది నాన్నగారూ!"

"ఊరుకో పాపమ్మా. పుస్తకంలో అట్లా లేదు," అంది అవ్వ.

అది ఎండాకాలం. అవధానిగారు ఉత్తరీయంతో మెడ తుడుచుకుని, "అదీ కొట్టెయ్," అన్నారు.

"ఇంక మంచం ఒకటుంది. సాలీడు గూట్లో ప్రతి దారానికీ జిగురు పూసి దాని మీదే పడుకుంటుందని రాసినారు సామి. పనస జిగురు రెండు కుండలు చాలు..."

"దారాలన్నిటికీ జిగురుంటే అదే అంటుకుపోదూ?" అన్నారు అవధానిగారు. అంటూనే నా చేతిలోంచి కలం లాక్కున్నారు.

ఆ తర్వాత అవ్వ మాట్లాడలేదు. పేజీ తిప్పినప్పుడల్లా తోట పక్క స్థలం వైపు చూసేది. ఆయన ఒక గీత కొట్టేవారు. చివరికి ఒక్క పేజీ మిగిలింది. దాని మీద అవధానిగారి బొమ్మ ఉంది. నేను పదకొండు రోజులు వేసింది. ఎవరి బొమ్మో కింద రాసి ఉంది కాబట్టి అందులోనూ తప్పు లేదు.

రాజుగారు ముందుకు వంగారు.

"అవ్వా, నిజం చెప్పు. ఈ పుస్తకంలో తప్పులున్నాయా, లేవా?"

ఉన్నాయంటే గది పోతుంది.

"నాకు చదువు రాదు దొరా. కొట్టేసింది సామి. ఆయన్నే అడగండి."

ముందు రాజుగారు నవ్వారు. తర్వాత సభంతా నవ్వింది. అందరికంటే ఆలస్యంగా, తప్పదని తేలాక, అవధానిగారూ నవ్వారు.

"తోట పక్క ఇల్లు నీదే," అన్నారు రాజుగారు. తర్వాత నన్ను చూపించి, "కొత్త పుస్తకం నువ్వు చెప్పు, ఇతను రాస్తాడు. బొమ్మలు మాత్రం ఇంకెవరైనా వేస్తారు. సరే, నీ ఇంటికి తలుపు ఎక్కడ పెట్టించమంటావు?"

"అందరికీ ఉన్న చోటే దొరా. నేనింకా ఏ పుస్తకమూ రాయలేదు."