పెట్టెలో దాచిన ప్రాణం

అనకాపల్లి దగ్గర ఓ సిమెంటు గోడౌన్‌లో బుర్రా అప్పలకొండ, బుర్రా పైడిరాజు అనే అన్నదమ్ములు బస్తాలు సర్దేవారు. గేటుకి ఎదురుగానే వాళ్ళ ఇల్లు. "అందరికీ బుర్ర తలకాయలోనే ఉంటాది. మాకు ఇంటిపేరులో కూడా ఉంది" అని అప్పలకొండ మీసం దువ్వేవాడు. అతని పెళ్ళాం చిట్టెమ్మ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. "పుట్టింట్లో నాకు బుర్ర లేదు. పెళ్ళయ్యాకే వచ్చింది" అని వీధంతా చెప్పుకునేది.

ఆ గోడౌన్‌లో బస్తాలెత్తే బండి ఒకటి తిరుగుతుంది. అది వెనక్కి వచ్చేటప్పుడు నడిపేవాడికి మనిషి కనపడడు. అందుకని కొత్త మిషను పెట్టించారు. మెడలో దాని తాలూకు బిళ్ళ ఉన్న మనిషి బండి దగ్గరికొస్తే చాలు, బిళ్ళా బండీ రెండూ కుయ్యోమంటాయి, బండి దానంతటదే ఆగిపోతుంది.

సేఫ్టీ చూసే కామేశం గారు అందరికీ బిళ్ళలు పంచి, "ఇది బిళ్ళ కాదురా, మీ ప్రాణం. జాగ్రత్త!" అన్నారు.

అంతే. ఇద్దరూ బిళ్ళలు గుప్పిట్లో పట్టుకుని ఇంటికి లగెత్తారు. చిట్టెమ్మ వాటిని ట్రంకుపెట్టెలో పెట్టి, నొక్కితే చాలు పడిపోయే నొక్కుడు తాళం వేసి, చెవి కొంగుకు ముడేసుకుంది. ప్రాణం ఇంట్లో భద్రంగా ఉంటే ఇంక భయమేముంది? పైడిరాజు ఈల వేసుకుంటూ వెళ్ళి బండికి అడ్డంగా నిలబడ్డాడు. "గుద్దు మావా, ఏటవుద్దో సూద్దాం!" అన్నాడు నడిపే నూకరాజుతో. నూకరాజు బ్రేకు తొక్కిన తొక్కుడికి బస్తాలు జారి పగిలి, అన్నదమ్ములిద్దరూ విభూది పూసుకున్న బైరాగుల్లా తేలారు.

కామేశం గారు పరిగెత్తుకొచ్చారు. "మెడలో బిళ్ళ లేకుండా లోపల కనపడ్డవాడికి రేపటినుంచి పని లేదు! మధ్యాహ్నం ఓనరుగారు కూడా వస్తున్నారు. బిళ్ళ మోగిందా, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. తెలిసిందా?" అని అరిచారు. పని పోతే పొయ్యి వెలగదు. చిట్టెమ్మ హడలిపోయి, పెట్టె తెరిచి, ఇద్దరి మెడల్లోనూ బిళ్ళలు తనే కట్టి పంపింది.

ఇంకేముంది! బండి వచ్చింది. పైడిరాజు బిళ్ళ మోగింది. బండి ఆగింది. పైడిరాజూ ఆగాడు.

"పక్కకి తప్పుకోరా!" అన్నాడు నూకరాజు.

"మోగతంది కదా, ఎలా కదల్ను?"

"నువ్వు కదిల్తే మోగదురా బాబూ!"

"అది మానితే నాను కదుల్తాను!"

తమ్ముణ్ణి లాగుదామని అప్పలకొండ వెళ్ళాడు. అతని బిళ్ళా మోగింది. ఓ కాలు గాల్లో ఉండగానే ఆగిపోయాడు. "అయ్యగారూ, కాలు దింపొచ్చాండీ?" అని అక్కణ్ణించే కేకేశాడు.

అంతలో గేటు దగ్గర ఓనరుగారి కారు హారన్ మోగింది. కామేశం గారు గేటు వైపు ఓసారి చూశారు. తనూ బిళ్ళతో వెళ్తే మోత ఇంకా ఎక్కువవుతుందని, దాన్ని తీసి, క్యారేజీ తెచ్చిన చిట్టెమ్మ చేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మా!" అని లోపలికి పరిగెత్తారు.

పైడిరాజు గుడ్లు తేలేశాడు. "అన్నా! అయ్యగారి మెళ్ళో ప్రాణం లేదు!"

"మరి లగెత్తుకొస్తన్నాడేటిరా?"

"దెయ్యమై వస్తన్నాడు!"

అంతే. ఇద్దరూ ఒక్క గెంతున బయటపడ్డారు. మోత ఆగింది. కారు దిగిన ఓనరుగారు అది చూసి, "భలే! బండి దగ్గర్నించి తప్పుకోవడమంటే ఇలా ఉండాలి" అని ఇద్దరి వీపులూ తట్టారు. తర్వాత కామేశం గారి వైపు తిరిగి, "అన్నట్టు, మీ బిళ్ళేదండీ?" అన్నారు.

కామేశం గారు మెడ తడుముకున్నారు. "చిట్టెమ్మా! బిళ్ళ ఇలా ఇయ్యమ్మా!"

"మీ ప్రాణమాండీ? రోడ్డుమీద ఎట్టుకు తిరుగుతానేటి? మా పెట్టెలో ఎట్టి తాళం నొక్కేసొచ్చానండి."

"చెవి తే తల్లీ, నీకు దణ్ణం పెడతాను!"

"అది మాత్రం ఎవుడికీ దొరకదండీ" అంది చిట్టెమ్మ గర్వంగా. "కొంగున ఉంటే దొంగలు విప్పుకుపోరా? దాన్నీ ఆ పెట్టెలోనే ఎట్టేశాను."