మబ్బుల్లో డ్రాగన్ నాణేలు

దేవుణ్ణి ఒక్కసారి తలుచుకుని వినండి నాయనలారా. చీనా దేశంలో ఒక రేవు. పొద్దున్నే పొగమంచులో అక్కడి పడవలు ఆకాశంలో తేలుతున్నట్టుండేవి. ఆ రేవులో గావ్ అనే షావుకారు ఎర్ర చీటీలు అమ్మాడు.

“చీటీ మీ దగ్గర, నాణెం మబ్బుల్లో మన డ్రాగన్ దగ్గర. పున్నమికి ధర రెట్టింపు. డ్రాగన్‌ను కాదన్నవాడికి అదృష్టముండదు” అన్నాడు.

తాతలనాటి నుంచి కొలుస్తున్న డ్రాగన్ పేరు వినగానే రేవంతా కలలో తేలిపోయింది. బోవెన్ అనే పడవవాడు ఉన్న ఒక్క పడవా ఇచ్చేసి ఎనిమిది చీటీలు తెచ్చుకున్నాడు. ఎనిమిది వాళ్లకు శుభసంఖ్య మరి.

భార్య సూయిన్ పోట్లాడలేదు. మర్నాడు జనం బారులు తీరినచోటికే వెళ్లి, చీటీలను రెండు చేతులా షావుకారు ముందు పట్టింది.

“అయ్యా, రెట్టింపయ్యే సొమ్ము మాబోటివాళ్లకెందుకు? లాభం మీరే ఉంచుకుని, మా పాత పడవ ఇప్పించండి.”

“అమ్మినవి వెనక్కి తీసుకోనమ్మా.”

“రెట్టింపయ్యే చీటీలు వద్దంటే, డ్రాగన్‌ను మీరే కాదంటున్నారా?”

బారులోని వాళ్లు డబ్బు సంచుల మూతులు బిగించారు. ఇక కొనేవాళ్లుండరని గావ్ బెదిరి, పడవ తాడు ఆమె చేతిలో పెట్టాడు.

బారులో ఆమె వెనకనున్న ముసలాయన నెమ్మదిగా తను ముందే కొన్న చీటీ తీశాడు. “బాబూ, నా లాభం కూడా మీరే ఉంచుకోండి. నా గేదెనిప్పించండి.”