పుంజు రెక్క కింద నీడ

ఒకప్పుడు కోడిపుంజులు రెండు రెక్కలూ ఒంటికి బిగించుకునే తిరిగేవి. కొత్త కోడి కనబడితే చాలు, తిన్నగా దాని మీదికి ఉరికేవి. రెక్క వాల్చడం, అడ్డంగా తిరగడం వాటికి తెలియనే తెలియదు.

ఆ రోజుల్లో కొండవార పల్లెలో అప్పాయమ్మ అనే ముసలమ్మ ఉండేది. తెగులొచ్చి ఆమె కోళ్ళు చచ్చిపోగా మూడు ముసలి పెట్టలూ, ఒక ఎర్రపుంజూ మిగిలాయి. పెట్టలు గుడ్లు పెట్టడం మానేశాయి. దొడ్డి మళ్ళీ నిండాలని ఆమె సంతలో ఆరు కోడిపిల్లలు తెచ్చుకుంది. అప్పుడప్పుడే తల్లిని విడిచిన పిల్లలు. తెచ్చినవాటిని తెచ్చినట్టే దొడ్లో వదిలేసి, నీళ్ళకని వాగుకు పోయింది.

తిరిగొచ్చేసరికి దొడ్లో చప్పుడు లేదు. ఐదు పిల్లలు కట్టెలమోపు వెనక నక్కి ఉన్నాయి. ఆరోది, తెల్లపిల్ల, దొడ్డి నడుమ చచ్చి పడి ఉంది. పుంజు ముక్కుకు నెత్తురు.

ఎందుకు చంపావని అప్పాయమ్మ అడిగింది.

"ఈ దొడ్డి నాది. గద్దొస్తే అరిచేది నేను. అదెవరో నాకు తెలీదు," అంది పుంజు.

ఆమె తెల్లపిల్లను కంచె పక్కన పూడ్చింది. మిగతావాటిని ఇంట్లో గంప కింద మూసింది. పక్కింటి సన్నెమ్మ వచ్చి, పుంజును కోసి కూర వండేయమంది. పుంజే లేకపోతే గద్దను కనిపెట్టేదెవరని అప్పాయమ్మ వెనకాడింది. అయినా ముందూ వెనకా చూడకుండా పిల్లల్ని పుంజు ముందు వదిలేసింది తనే కదా. ఆ మాట ఆమెకు లోపల గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. నీడలన్నీ కాళ్ళ కిందికి ముడుచుకున్నాయి. ఒక్క నీడ మాత్రం దొడ్డి నడుమ తిరుగుతోంది. కోడిపిల్లంత నీడ. దాని పైన పిల్ల లేదు.

అది గింజల దగ్గర ఆగింది. వంగి పొడిచింది. ఒక్క గింజా కదల్లేదు. తర్వాత మెల్లగా పుంజు దగ్గరికి నడిచింది. పుంజు దాన్ని పొడిస్తే ముక్కు మట్టిలో దిగింది. పుంజు పరుగెత్తింది. నీడ తొందరేమీ లేకుండా వెనకే వచ్చి, పుంజు ఆగినచోట దాని ఎడమపక్కన నిలబడింది. గడపలో ఉన్న అప్పాయమ్మకు అంత ఎండలోనూ ఒళ్ళు చల్లబడింది.

మూడు రోజులపాటు అంతే. పుంజు మేత ముట్టలేదు, కూయలేదు. మూడోనాడు గద్ద దొడ్డి మీదికి దిగుతున్నా నోరు మెదపలేదు. అప్పాయమ్మే చేట విసిరి ముసలి పెట్టను కాపాడుకుంది. ఇలాగైతే ఇంక ఏదీ దక్కదని ఆమెకు తెలిసిపోయింది.

ఆమె గుండె దిటవు చేసుకుని నీడ ముందు కూర్చుంది.

"ఏం కావాలి తల్లీ నీకు?"

నేలలోంచి సన్నగా కిచకిచమంది. "ఎండగా ఉంది. అమ్మ రెక్క లేదు. ఇక్కడ ఎవరూ చోటివ్వలేదు."

అప్పాయమ్మ పుంజు వైపు చూసింది. "ఇవ్వాల్సింది నువ్వే," అంది.

పుంజు ఎడమ రెక్క కొంచెం కొంచెంగా కిందికి దించింది. ఈకల కొనలు నేలకు తగిలాయి. నీడ ఆ రెక్క కిందికి జారుకుంది. పుంజు రెక్క ముడుచుకున్నా నీడ మళ్ళీ బయటికి రాలేదు.

"చల్లగా ఉంది," అంది పుంజు నెమ్మదిగా.

అప్పాయమ్మ గంపను దొడ్లోకి తెచ్చి, పిల్లల్ని దాని కింద ఉంచింది. గంప లోపలా బయటా నూకలు చల్లింది. అల్లిక సందుల్లోంచి పుంజూ పిల్లలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఏడు రోజులు మేత తిన్నాయి. ఎనిమిదోనాడు ఆమె గంప ఎత్తింది.

పుంజు ముందరి పిల్ల మీదికి ఉరికింది. అంతలో ఎడమ రెక్క దానంతటదే వాలి, నేలను గీరుకుంది. ఆ రెక్క బరువుకు పుంజు తిన్నగా పోలేక అడ్డంగా తిరిగింది. రెక్క కింద ఏదో కిచమంది. పుంజు పిల్లను ఒక్క పోటు పొడిచి, ఆగిపోయింది. పిల్లలు పక్కకు తప్పుకుని పెట్టల్లో కలిసిపోయాయి.

అప్పటినుంచే కొత్త కోళ్ళను కొన్నాళ్ళు గంప కింద ఉంచి గానీ మందలో కలపరు. అప్పటినుంచే పుంజు కొత్త కోడిని చూడగానే ఒక రెక్క నేలకు వాల్చి, దాని చుట్టూ అడ్డంగా తిరుగుతుంది. అప్పుడు ఆ రెక్క కిందికి తొంగిచూడండి. నడినెత్తిన ఎండున్నా సరే, అక్కడ కోడిపిల్లంత నీడ ఉంటుంది.