సముద్ర సభకి పోలయ్య చెప్పిన తీర్పు

ఉప్పాడ రేవులో పోలయ్య అనే ముసలి సరంగు ఉండేవాడు. తనకి అర్థం కానిది ఒకటుందని ఒప్పుకోవడం మాత్రం అతనికి చచ్చినా చేతయ్యేది కాదు.

ముప్పై ఏళ్లు బోటు నడిపాడు. గాలి వాసన చూసి వాన చెప్పేవాడు. పేకాటలో రేవు మొత్తానికి అతనే మొనగాడు. చదువు మాత్రం బోటు మీద రాసిన పేరు కూడబలుక్కునేంత. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరికీ తెలుసన్న సంగతి అతనొక్కడికే తెలియదు.

అతనికి ఒక పగ కూడా ఉండేది. పదకొండేళ్ల కిందట వలలు బాగుచేసుకునే షెడ్డులో రమ్మీ ఆడుతుంటే, తోటి సరంగు తాతారావు "పోలయ్య జోకరు తొడకింద పెట్టాడు" అన్నాడు. జోకరు తొడకిందే ఉంది. అయినా నలుగురిలో ఆ మాట అనొచ్చా? ఆనాటి నుంచి పోలయ్య తాతారావుతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పక తప్పకపోతే గోడకో, కుక్కకో చెప్పేవాడు. తాతారావు వినేవాడు.

అదే వీధిలో నూకరత్నం అనే అమ్మాయి ఉండేది. బొమ్మలు బాగా వేసేది. రెండేళ్లు కూర్చుని ఒక పేకాట తయారుచేసింది. దాని పేరు సముద్ర సభ. సముద్రం అడుగున రాజు చచ్చిపోయాడు. గద్దె ఖాళీగా ఉంది. చేపలూ పీతలూ ఓట్లు వేసి కొత్త రాజుని నిలబెట్టాలి. అదీ ఆట. హైదరాబాదులో ఆటలు అచ్చువేసే కంపెనీవాళ్లు ఆ బొమ్మలు చూసి ముచ్చటపడ్డారు.

"సముద్రం తెలిసిన పెద్దవాళ్లు ఇద్దరు ఆడాలి. వాళ్లలో పెద్దాయన ఆట ఎలా ఉందో ఫోనులో చెప్పి రికార్డు చేసి పంపాలి. అది విన్నాకే అచ్చు సంగతి" అన్నారు. శనివారం దాకా గడువు ఇచ్చారు.

అచ్చు కాకపోతే సోమవారం నుంచి రొయ్యల కంపెనీకి పోవాలని రత్నం తల్లి అప్పలనరసమ్మ ముందే చెప్పేసింది. మంచునీళ్లలో చేతులు పెట్టి రోజంతా రొయ్యల తలలు తీసే పని అది. ఆ వేళ్లతో ఇంటికొచ్చి కుంచె పట్టుకోవడం ఎవరివల్లా కాదు.

శనివారం పొద్దున షెడ్డులో చాప వేశారు. ఒక పక్క పోలయ్య, ఎదురుగా తాతారావు. తాతారావు ముందురోజే ఆట వివరం రత్నం చేత చదివించుకుని విన్నాడు.

రత్నం పోలయ్యకి కాగితం ఇచ్చింది. "తాతా, ఆట ఎలా ఆడాలో ఇందులో రాశాను. చదివి వినిపించనా?"

"ఏం, నేను చదవలేనా?" అన్నాడు పోలయ్య.

కాగితం కళ్లముందు పెట్టుకున్నాడు. పైనున్న పెద్దక్షరాలు రెండు మూడు దొరికాయి. కిందివన్నీ నెత్తళ్లనే చిన్నచేపల గుంపులా కదిలిపోయాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "చదివాన్లే. పంచు" అన్నాడు.

అయిదేసి ముక్కలు పంచారు. ప్రతి ముక్క మీదా ఒక జంతువు, దాని పక్కన చుక్కలు. ఎన్ని చుక్కలుంటే అన్ని ఓట్లు.

"ఏవే రత్నం, సొరచేపకి ఒక్క చుక్కేంటి, నెత్తళ్లకి నాలుగేంటి? సొర నోరు తెరిస్తే నెత్తళ్లు ఎన్ని పోతాయో తెలుసా నీకు?"

"సొర ఒక్కటే తాతా. నెత్తళ్లు గుంపు. ఓట్లు గుంపుకే కదా ఉండేది!"

"మరి సొరకి పళ్లెందుకే?"

"బెదిరించడానికి."

తాతారావు పకపకా నవ్వాడు. తనని చూసే నవ్వాడనుకున్నాడు పోలయ్య. మొహం గంటు పెట్టుకుని రమ్మీలో లాగా ముక్కలు పేర్చుకోసాగాడు. ఒక ముక్క తీసి ఒకటి వేశాడు. ఇంకోటి తీసి ఇంకోటి వేశాడు. మూడు పీతలు ఒకచోట చేరాయి. ముక్కలు చాపమీద కొట్టి "షో!" అని అరిచాడు.

"ఇందులో షో లేదు తాతా."

"షో లేని పేకాట ఏ దేశంలో ఉందే?"

రత్నం నోరు తెరిచేలోగా తాతారావు అన్నాడు: "రత్నం, ఆ పెద్దాయన్ని అడుగు. నాతో పొత్తుకి వస్తాడేమో."

పోలయ్యకి తల తిరిగిపోయింది. పదకొండేళ్లు గమ్మునుండి ఇవాళ పొత్తేంటి? అదీ పేకాట మధ్యలో? ఇందులో ఏదో కిటుకుంది. నలుగురిలో మళ్లీ పరువు తియ్యాలని చూస్తున్నాడు.

"రత్నం, ఆ మనిషికి చెప్పు. ఓలేటి పోలయ్య ఎవరి పొత్తుమీదా బతకలేదని చెప్పు."

ఆట సాగింది. పేకలోంచి వల బొమ్మ ఒకటి వచ్చింది. రెండోది వచ్చింది. మూడో వల పడగానే రత్నం ముక్కలన్నీ దగ్గరకి లాగేసి మళ్లీ పంచింది. రెండో ఆటా అలాగే అయింది. మూడోదీ అంతే.

"గెలిచిందెవరు?" అన్నాడు పోలయ్య.

"ఎవరూ కాదు తాతా."

"ఓడిందెవరు?"

"ఇద్దరూ."

"ఇద్దరూ ఓడిపోతే గెలుపు ఎటు పోయినట్టు?"

తాతారావు షెడ్డు కప్పుకేసి చూశాడు. రత్నం పోలయ్య జేబుకేసి చూపించింది. "తాతా, ఆ కాగితంలో పొత్తు గురించి రాసింది ఒక్కసారి..."

"చదివానన్నానా లేదా!"

అర్థం కాలేదు అనే రెండు మాటలు నోటిదాకా వచ్చాయి. ఎదురుగా తాతారావు ఉన్నాడు. పోలయ్య ఆ రెండు మాటలూ మింగేసి ఫోను అడిగి తీసుకున్నాడు.

"నేను ఓలేటి పోలయ్యని. ముప్పై ఏళ్ల సరంగుని. పేకముక్క పట్టి యాభై ఏళ్లయింది. ఈ ఆటకి తలా తోకా లేదు. షో లేదు. సొరకి విలువ లేదు. గెలిచేవాడు లేడు. బొమ్మలు బాగున్నాయి, గోడకి అంటించుకోండి. అంతే."

ఎవరేం చెప్పినా మార్చకుండా పంపుతానని రత్నం కంపెనీవాళ్లకి ముందే మాట ఇచ్చింది. అలాగే పంపింది. "నువ్వైనా ఒక మాట చెప్పు తాతా" అని తాతారావుని బతిమాలింది. "ఆట జరిగితే కదమ్మా నేను చెప్పడానికి" అని అతను లేచి వెళ్లిపోయాడు.

సోమవారం తెల్లారకుండానే రత్నం రొయ్యల కంపెనీ బస్సు ఎక్కింది.

పదిరోజులకి వాయుగుండం పట్టింది. బోట్లన్నీ ఒడ్డుకి చేరాయి. పోలయ్య షెడ్డుకి వెళితే అప్పలనరసమ్మా, పక్కింటి ఆమే చాపమీద పేకాడుతున్నారు. మధ్యలో గవ్వల కుప్ప. ఒకటే నవ్వులు.

"ఈసారి రాజు నువ్వే అవ్వవే. నేను మంత్రిగా ఉంటా. రాజుకి గవ్వలెక్కువ, తలనొప్పీ ఎక్కువే" అంటోంది పక్కింటామె.

"ఏం ఆట అది?" అన్నాడు పోలయ్య.

అప్పలనరసమ్మ తలెత్తలేదు. "నువ్వు తలా తోకా లేదన్న ఆటే మావా."

"మరి మీకు గెలుపెలా వచ్చింది?"

"కాగితంలో మొదటి మాటే అది. చదివానన్నావుగా."

పోలయ్య చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. దాన్ని ఆమె ముందు పెట్టి, "చదివి పెట్టమ్మా" అన్నాడు. ఆ మాట అతని నోట ఆ షెడ్డు ఎప్పుడూ వినలేదు.

ఆమె చదివింది. "గద్దెకి పన్నెండు ఓట్లు కావాలి. ఏ చేతికీ పదికి మించి రావు. కనక ఎదుటివాళ్లతో పొత్తు కలవాలి. ఓట్లు తీసుకున్నవాళ్లు రాజు, వాళ్లకి మూడు గవ్వలు. ఇచ్చినవాళ్లు మంత్రి, వాళ్లకి రెండు. మూడో వల పడేలోగా పొత్తు కుదరకపోతే ఇద్దరూ వలలో పడ్డట్టే."

"అయితే తాతారావు నన్ను ఎగతాళి చెయ్యలేదన్నమాట."

"ఆట ఆడాడు మావా. నువ్వే ఆడలేదు."

పోలయ్య పేక ముక్కలు అడిగి తీసుకుని పంచెలో చుట్టుకున్నాడు. వానలో తడుస్తూ తాతారావు అరుగు దగ్గరకి వెళ్లాడు. గోడవైపు చూడలేదు. కుక్కవైపు చూడలేదు.

"తాతారావూ, నీ నెత్తళ్లు నాకిస్తావా?"

తాతారావు అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "మంత్రి పదవి ఇస్తావా?"

"రాజువే అవ్వు. నా సొర నీకిస్తా."

"సొరకి ఒక్క ఓటే కదరా పిసినారీ! పైకి రా, తడుస్తున్నావు."

సాయంత్రం దాకా ఆడారు. పోలయ్య ఒక్క గవ్వ తేడాతో ఓడిపోయాడు. ఆ రోజు అతని తొడకింద ఏమీ లేదు.

బస్సు దిగి రత్నం వచ్చేసరికి ఇద్దరూ వాళ్లింటి ముందు నిలబడి ఉన్నారు. పోలయ్య ఫోను అడిగాడు.

"నేను పోలయ్యని. మొన్న చెప్పింది కొట్టెయ్యండి. నేను కాగితం చదవలేదు. నాకు చదువు రాదు. ఆట అర్థం కాలేదు. అర్థం కాలేదనడానికి సిగ్గేసి బాగాలేదన్నాను. ఆట బాగుంది. ఇవాళ ఒక గవ్వతో ఓడిపోయాను."

మూడు రోజులకి జవాబు వచ్చింది. "ఈ ఏడు వేసే ఆటలు అచ్చుకి వెళ్లిపోయాయి. వచ్చే ఏడు మొదట మీదే వేస్తాం. పెద్దాయన రెండోసారి చెప్పిన మాట డబ్బా మీద వేసుకోవచ్చా?"

"వేసుకోమను" అన్నాడు పోలయ్య. తాతారావు అతని వీపు తట్టాడు. అందరూ సంతోషపడ్డారు. కానీ మాట ఎంత మంచిదైనా, చేజారిన ఏడాదిని వెనక్కి తేలేదు. ఆ ఏడాదంతా రత్నం తెల్లారి బస్సెక్కి, పొద్దువాలాక దిగేది. వేళ్లు నాని, తెల్లబడి, కొంకర్లు పోయి ఉండేవి. బస్సు ఆగేచోట పోలయ్య రోజూ వేణ్ణీళ్ల చెంబుతో నిలబడేవాడు. ఆమె చేతులు చాపేది. అతను నీళ్లు పోసేవాడు.

కనక పిల్లలూ, అర్థం కాలేదని చెబితే మన పరువేమీ పోదు. అర్థం కాకుండానే తీర్పు చెబితే మాత్రం ఆ దెబ్బ మనకి కాదు, ఎదుటివాళ్ల చేతులకి తగులుతుంది.