కొండవాలు మీది ఇల్లు

కొండవాలు మీద గవరమ్మ, ఆమె భర్త సింహాద్రి తమ చేతులతోనే ఇల్లు కట్టుకున్నారు. మట్టి ఆమె తొక్కింది. వాసాలు అతను చెక్కాడు. గోడలు ఇద్దరూ కలిసి లేపారు.

ఇల్లు ఎంత చిన్నదంటే, మంచం ఎత్తి గోడకు ఆనిస్తే గానీ పొయ్యి దగ్గర కూర్చోవడానికి చోటుండేది కాదు. గవరమ్మ వండుతుంటే సింహాద్రి గుమ్మంలో కూర్చునేవాడు. కోపమొస్తే అలిగి వెళ్ళడానికి ఇంకో గది లేదు. అందుకని వాళ్ళ తగువులు అన్నం ఉడికేలోపే తీరిపోయేవి. ఏటా వానలకు ముందు గోడలు అలికి, తాటాకు కప్పు సర్దుకున్నాక, ఇద్దరూ ఇంటి ముందు నిలబడి కాసేపు దాన్నే చూసేవాళ్ళు. దారిన పోయేవాళ్ళు పిచ్చుక గూడని నవ్వినా వాళ్ళకు పట్టేది కాదు.

ఒకసారి ఆ దేశపు రాజుకు ఆ వాలు నచ్చింది. పొద్దుగుంకడం చూడటానికి అక్కడొక మంటపం కట్టించాలనుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇంటికి బదులు కోట పక్కనే ఒక పెంకుటి మేడ ఇప్పించాడు.

"మేడంటే మాటలా! ఇక వానకు భయపడక్కర్లేదు," అన్నాడు సింహాద్రి.

గవరమ్మ కుండలు సర్దుకుని అతని వెంట నడిచింది.

మేడలో ఏ లోటూ లేదు. వండిపెట్టడానికి ఒకరు, ఊడవడానికి ఒకరు. గవరమ్మ చీపురు పట్టుకుంటే పనిమనిషి కంగారుపడి లాక్కునేది. సింహాద్రి పిలిస్తే ఏ గదిలోంచి పిలుస్తున్నాడో ఆమెకు తెలిసేది కాదు. వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఎందుకు పిలిచాడో అతను మరిచిపోయేవాడు.

ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. పెంకులు జారి మేడ నడిమింట్లో నీళ్ళు కారసాగాయి. గవరమ్మ లేచి నిచ్చెన అడిగింది.

"అది మీ పని కాదమ్మా. రేపు మనుషులొస్తారు," అన్నాడు మేడ చూసుకునే ఉద్యోగి.

ఆమె కూర్చుండిపోయింది. ఇల్లు కారుతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడటం ఆమెకు అదే మొదటిసారి. భర్త వైపు చూసింది. అతను తన అరచేతుల్నే చూసుకుంటున్నాడు.

"పోదామా?" అంది.

"పద," అన్నాడు.

తెల్లవారాక బయల్దేరారు. కొండవాలుకు చేరేసరికి ఇల్లు పడగొట్టే మనుషులు ఇంకా రాలేదు. కానీ గాలికి కప్పు ఒకవైపంతా లేచిపోయింది. సింహాద్రి లోపల నిలబడి వాసాలకు తాళ్ళు బిగించాడు. గవరమ్మ చీర ఎగ్గట్టి కప్పెక్కింది.

మధ్యాహ్నానికి మంటపానికి చోటు చూడటానికి రాజు తన మేస్త్రితో వచ్చాడు. కప్పు మీద మనిషిని చూసి ఆగిపోయాడు.

"నేనిచ్చిన మేడలో ఏం తక్కువైంది?"

"ఏదీ తక్కువ కాలేదు బాబూ," అంది గవరమ్మ పైనుంచే. "మాకే అక్కడ పని లేకుండా పోయింది."

"దీన్ని పడగొట్టమని ఆజ్ఞ ఇచ్చాను. తెలుసా?"

"తెలుసు. మీరు పడగొట్టిస్తే ఇంకోచోట కట్టుకుంటాం. చేతులు మావే కదా!"

మేస్త్రి చప్పున రాజు వెనక్కి జరిగాడు. గవరమ్మ ఆకాశం వైపు చూసింది. "మబ్బు దగ్గరికొచ్చేసింది. ఆ తాటాకుల కట్ట ఇలా అందించండి బాబూ."

ఎవరితో అంటోందోనని రాజు పక్కకు చూశాడు. ఆమె చెయ్యి చాపింది ఆయన వైపే. రాజు వంగి కట్ట ఎత్తాడు. ఆకులు గీరి ఆయన వేళ్ళు మండాయి. ఆమె అది తీసుకుని మళ్ళీ చెయ్యి చాపింది. చివరి ఆకు వేసేవరకూ ఆయన అందిస్తూనే ఉన్నాడు.

అంతలో వాన దంచి కురిసింది. నలుగురూ లోపల మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. గవరమ్మ అంబలి ఇచ్చింది. రాజు తాగుతున్నాడే గానీ చూపంతా పైకే ఉంది.

"ఇక్కడ ఒక్క చుక్కా పడటం లేదు!" అన్నాడు ఉన్నట్టుండి.

"మీరందించిన ఆకే బాబూ," అన్నాడు సింహాద్రి.

వాన వెలిసింది. మంటపానికి కొలతలు తీసుకోమంటారా అని మేస్త్రి అడిగాడు.

"వద్దు. ఇక్కడ ఇల్లుంది," అన్నాడు రాజు. బురదలో జారుతూ, పడుతూ, లేస్తూ కొండ దిగాడు.

కోట వాకిట్లో కాపలావాడు ఈటె అడ్డం పెట్టాడు. ఎదురుగా ఉన్న మనిషికి ఒళ్ళంతా మట్టి, జుట్టు నిండా తాటాకు పీచు.

"ఎవడివిరా నువ్వు?"

మేస్త్రి నోరు తెరవబోయాడు. రాజు అతని భుజం నొక్కి ఆపాడు.

"ఈవేళ ఒక ఇంటికి కప్పు వేసినవాణ్ణి," అన్నాడు ఛాతీ విరుచుకుని.